ర్యాలీ పోని వీధి

ఓబులేసుకు వచ్చిన చిక్కు చిన్నదే. ర్యాలీ ఏ వీధిన పోవాలి?

అనంతపురం జిల్లాలో కన్నడ దేశానికి దగ్గరగా ఉన్న ఊరు అది. ఊరంతా జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్లే. ఆ ఏడాది ఆ ఊళ్ళో కొందరు తమంతట తామే ప్రాణాలు తీసుకున్నారు. ఎక్కువమంది పడుచువాళ్ళు. మునిసిపాలిటీ వాళ్ళు కలవరపడి ఒక కమిటీ వేశారు. అందులో పొదుపు సంఘాల ఆడవాళ్ళు, బడిపంతుళ్ళు, ఆశా కార్యకర్తలు, సర్కారు ఆస్పత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉన్నారు. సెప్టెంబరులో ఆత్మహత్యల నివారణ దినం నాడు ఊరంతా ర్యాలీ తీసి, మైదానంలో సభ పెట్టాలని నిర్ణయించారు. ర్యాలీని నడిపించి, సభలో మాట్లాడే పని ఓబులేసు మీద పడింది.

ఓబులేసు హైస్కూల్లో తెలుగు చెప్తాడు. మంచి గొంతు, మంచి మనసు. రెండూ ఉన్నాయని ఆయనకూ తెలుసు. సాయంత్రాలు ఊరి చివర దర్గాలో దస్తగిరి తాత దగ్గర కూర్చుంటాడు. తాత దూదేకుల ఇంట పుట్టిన ఫకీరు. ఉర్దూ, తెలుగు, కన్నడం మూడూ వచ్చు గానీ మూడింటిలోనూ మాటలు తక్కువే. తాయెత్తు కట్టడు, జోస్యం చెప్పడు. వచ్చినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటాడు, అంతే. తాను తాత శిష్యుణ్ణని ఓబులేసు ఊళ్ళో చెప్పుకుంటాడు. తాత మాత్రం ఎవరినీ శిష్యుడని అనగా విన్నవాళ్ళు లేరు.

కమిటీ మీటింగులో చిక్కంతా కొత్తపేట దగ్గర వచ్చింది. ఆ వీధిలో సుంకమ్మ ఇల్లుంది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు ఎర్రిస్వామి షెడ్డులో కుట్టుపని చేసేవాడు. మొన్నటి వేసవికి ముందు ఒక రోజు ఆ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. ఎందుకో తల్లికీ తెలియదు, తోటివాళ్ళకూ తెలియదు.

"ఆయమ్మ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగడంలే సార్," అంది ఆశా కార్యకర్త రమీజా. "ఎవురూ ఆ గడప తొక్కరు. మొన్న నేను పోతే, నాకింక ఈడేం పని ఉండాది రమీజా అనె. నాకు భయమైతాంది."

కౌన్సిలర్ తిప్పేస్వామి గొంతు సవరించుకున్నాడు. "అందుకే సార్, ఆ దోవన వద్దు. బ్యానర్లు, నినాదాలు చూస్తే ఆయమ్మ తట్టుకోలేదు. పాత బస్టాండు మీదుగా సుట్టు తిప్పుకొని పోదాం."

ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. నిజానికి అందరి గుండెల మీద నుంచి బరువు దిగింది. ఏడ్చేవాళ్ళ ఎదుట నిలబడడం మనలో చాలామందికి చేతకాదు. చేతకానితనమని ఒప్పుకోము, వాళ్ళ మంచికే తప్పుకున్నామని చెప్పుకుంటాం.

ఆ సాయంత్రం ఓబులేసు ఆ సంగతి తాతకు చెప్పాడు.

"ఆ వీధిన పోకుంటేనే మంచిది కదా తాతా?"

"ఆయమ్మ వద్దనిందా?"

"అడగలేదు తాతా. అట్లాంటివి ఎట్లా అడుగుతాం?"

తాత ఇంకేమీ అనలేదు. సమాధి మీది చాదరు ఒక పక్కకు జారి ఉంటే లేచి సరిచేశాడు. ఓబులేసు ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకుని ఇంటికి పోయాడు. గురువు నోరు విప్పకపోతే తమకు నచ్చిన మాటే ఆయన అన్నాడనుకోవడం శిష్యులకు అలవాటు.

ర్యాలీ బ్రహ్మాండంగా జరిగింది. ముందు డప్పులు, వెనక బడిపిల్లలు, వాళ్ళ వెనక సంఘాల ఆడవాళ్ళు. షెడ్ల వాళ్ళు మిషన్లు ఆపి బయటికొచ్చి చూశారు. మైదానంలో ఓబులేసు మైకు పట్టుకుంటే జనం కదలకుండా విన్నారు.

"మీ పక్కింట్లో ఎవరైనా దిగులుగా కనిపిస్తే తప్పుకొని పోవద్దు," అన్నాడు. "పోయి దగ్గర కూర్చోండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడగకపోతేనే ఆ మనిషి ఒంటరిదైపోతుంది."

డాక్టరమ్మ నేర్పిన మాటలే అవి. ఒక్కటీ అబద్ధం కాదు. కొంతమంది ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. సభ ముగిశాక కమిషనర్ వచ్చి చేయి కలిపి, ఇట్లాంటి ఉపన్యాసం ఈ ఊళ్ళో విననేలేదని మెచ్చుకున్నాడు. ఓబులేసు ఆ మాటను జేబులో వేసుకున్నంత భద్రంగా మనసులో పెట్టుకుని, తాతకు చెప్పాలని దర్గాకు నడిచాడు.

దర్గాలో తాత లేడు. గుమ్మం దగ్గర పూలు అమ్మే ఖాజాబీ చెప్పింది. "పొద్దున్నే కొత్తపేట దిక్కు పాయె సార్. కట్టె పట్టుకొని ఒక్కడే. ఎండ అయితాంది, నేనూ వస్తా తాతా అంటే వద్దనె."

ఓబులేసు అడుగులు కొంచెం బరువెక్కాయి. అయినా పోయాడు.

కొత్తపేట వీధిలో అలికిడి లేదు. సుంకమ్మ ఇంటి ముందు మాత్రం నేలంతా ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి ఉంది. ఎండకు కళ్ళాపి ఎప్పుడో ఆరిపోయింది. అరుగు మీద పెద్ద గంగాళం, దాని మీద తడిగుడ్డ, పక్కన బోర్లించిన స్టీలు గ్లాసుల బారు. గోడకు ఆనుకుని దస్తగిరి తాత కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసు ఉంది. గ్లాసులో పానకం.

ఆ ఊళ్ళో మొహర్రంలో పీర్లు వీధిలోకి వచ్చే రోజున ఇంటింటా పానకం కలిపి పెడతారు. పీర్లను ఎత్తుకొచ్చేవాళ్ళు, వెంట నడిచేవాళ్ళు ప్రతి గడప దగ్గరా ఆగి ఒక గుక్క తాగి పోతారు. మతంతో పని లేదు. ఎవరి ఇంటి ముందు ఆగకుండా పోతే ఆ ఇంటివాళ్ళకు చిన్నతనం.

"తాతా, మీకు షుగరు," అన్నాడు ఓబులేసు. ముందు ఆ మాటే వచ్చింది నోటికి.

"తెలుసు."

"మరి పానకం తాగుతున్నారే?"

"ఊరందరికీ కలిపింది. తాగేదానికి నేనొక్కన్నే వచ్చినా," అన్నాడు తాత. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

మాటలు విని సుంకమ్మ లోపలి నుంచి వచ్చింది. మనిషి సగమైపోయింది. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. ఓబులేసును చూడగానే మొహం విప్పారింది. వీధి చివరి దాకా చూపు పంపింది.

"వచ్చినారా సార్? అందురూ ఎనక వస్తాండారా?"

ఓబులేసు కూడా వెనక్కి తిరిగి ఖాళీ వీధిని చూశాడు.

"ఆటోలో మైకు పెట్టి చెప్పినారు కదా సార్. మా పిల్లోని మాదిరి పోయినోళ్ళ కోసరం ఊరంతా నడుస్తాదని. ఎండన పడి వస్తారు, పాపం గొంతు ఆర్చుకపోతాదని కలిపినా. మిరియాలు కూడా ఏసినా."

"అయిపోయిందమ్మా ర్యాలీ," అన్నాడు ఓబులేసు.

సుంకమ్మ గంగాళం వైపు చూసింది. గ్లాసుల వైపు చూసింది. తర్వాత వాళ్ళ తరఫున తనే సర్దిచెప్పుకుంది. "పెద్ద ఊరు కదా. మా వీధి మర్సిపోయింటారు లే సార్."

ఆ మాట పట్టుకుని బయటపడిపోవచ్చు. ఓబులేసుకు ఆ ఆశ పుట్టింది కూడా. తాత ఆయన మొహంలోకి చూస్తున్నాడు. కోపంగా కాదు. ఊరికే చూస్తున్నాడు.

"మర్చిపోలేదమ్మా," అన్నాడు ఓబులేసు. "కావాలనే తప్పించినాం. నీకు బాధ అవుతుందని."

సుంకమ్మ అరుగు అంచున కూర్చుంది. "మీరు వస్తే వచ్చేదా సార్ నాకు బాధ?"

ఓబులేసు తల వంచుకున్నాడు.

"వాడు పోయినకాన్నుంచి అందురూ నాకు బాధైతాదనే తప్పించుకొని పోతాండారు. కొళాయి కాడికి నేను పోతే మాటలు ఆపేస్తారు. వాని పేరు ఎవురూ ఎత్తరు. నేను ఎత్తితే ఏదో పని గుర్తొచ్చి లేసిపోతారు. వాడు ఈ ఇంట్లో పుట్టనే లేదన్నట్టు ఉండాది సార్."

ఓబులేసు చెప్పులు విప్పి అరుగెక్కి కూర్చున్నాడు. ఒక గ్లాసు తిప్పి చేత పట్టుకున్నాడు. ఆమె పోసింది. తియ్యగా, కొంచెం కారంగా ఉంది.

"ఎర్రిస్వామి ఎట్లుండేవాడమ్మా?" అని అడిగాడు.

అడిగాడో లేదో, ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వాడు షెడ్డులో జేబులు కుట్టేవాడట. ఊళ్ళో ఎవడు ప్యాంటు వేసుకుని ఎదురొచ్చినా జేబు చూసి, అమ్మా ఇది నేను కుట్టిందే అనేవాడట. అన్నంలోకి అప్పడం లేకపోతే చిన్నపిల్లవాడిలా అలిగేవాడట. చెప్తూ చెప్తూ ఒకచోట నవ్వింది కూడా. ఆ నవ్వు విని ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పోయే ముందురోజు రాత్రి నా పక్కన వచ్చి కూసున్న్యాడు సార్. ఏం నాయనా అంటి. ఏంలేదు మా అనె. నేను ఇంగ అడగలే. నిద్రొస్తాందని పండుకుంటి."

ఈ మాటకు జవాబు చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో లేడు. ఓబులేసు చెప్పే ప్రయత్నం చేయలేదు. ఆ రోజు మొత్తం మీద ఆయన చేసిన మొదటి మంచి పని అది.

ఎండ వాలుతోంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది. పొద్దున మైకులో ఊరికంతా చెప్పిన మాట ఓబులేసుకు గుర్తొచ్చింది. మైదానంలో అంత సులువుగా వచ్చిన మాట ఇక్కడ నాలుక దాటి రానంటోంది. తాత వైపు చూశాడు. తాత కళ్ళు మూసుకున్నాడు. సాయం దొరకదని అర్థమైంది.

"అమ్మా," అన్నాడు చివరికి. "నీకు కూడా చావాలనిపిస్తా ఉందా?"

సుంకమ్మ ఖాళీ గ్లాసు తీసి కొంగుతో తుడిచింది. అడగరానిది అడిగానా అనుకున్నాడు ఓబులేసు.

"ఉండాది నాయనా," అంది ఆమె. అప్పటిదాకా సార్ అన్న మనిషి. "దినామూ ఉంటాది. ఎవురన్నా అడిగితే చెప్దామనే ఉంటి. ఎవురూ అడగలే."

అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయిన రోజు ఎంత ఏడ్చిందో గానీ, ఇప్పుడు మాత్రం పక్కన మనుషులుండగా ఏడ్చింది. ఓబులేసుకూ కన్నీళ్ళు ఆగలేదు. పొద్దున మెచ్చుకున్నవాళ్ళు చూస్తే గుర్తుపట్టేవారు కాదు, అంత ఘోరంగా ఏడ్చాడు.

కొంచెం తేరుకున్నాక ఆయన రమీజాకు ఫోన్ చేశాడు. ఆ రాత్రికి ఆమె సుంకమ్మకు తోడుగా పడుకోవాలన్నాడు. రమీజా మారుమాట లేకుండా, అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది.

"రేపు పొద్దున డాక్టరమ్మ దగ్గరికి పోదామా?" అని సుంకమ్మను అడిగాడు.

"నువ్వూ వస్తావా నాయనా?"

"వస్తానమ్మా."

ఆమె తల ఊపింది. ఒప్పుకుందో, అలసిపోయిందో తెలియలేదు.

గురువు, శిష్యుడు వీధిలోకి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. తాత కట్టె ఊతతో మెల్లగా నడుస్తున్నాడు. ఓబులేసు ఆయన చేయి పట్టుకున్నాడు. ర్యాలీ ఎట్లా జరిగిందని తాత అడగలేదు. కమిషనర్ అన్న మాట ఓబులేసూ చెప్పలేదు.

వీధి మలుపు దగ్గర ఓబులేసు ఆగిపోయాడు.

"భయమైతాంది తాతా. తప్పు మాట ఏదన్నా అంటానేమో. రేపు ఆయమ్మతో ఏం మాట్లాడాలో చెప్పండి."

"నువ్వు పో," అన్నాడు తాత. "మాట్లాడేది ఆయమ్మ మాట్లాడుతుంది."