తానం పట్టే పెట్టె

తవిటినాయుడికి నెల రోజులుగా ఒకటే చిక్కు. రోజూ వాడుకోవడానికి, జేబులో పట్టే పాటల పెట్టె ఏది కొనాలి?

వినడానికి చిన్న సంగతే. చేతిలో ఫోను ఉండగా మళ్ళీ ఇంకో పెట్టె ఎందుకని ఆఫీసులో అందరూ అడిగారు. ఫోనులో అయితే రాగం సగంలో ఉండగా తహసీల్దారు గారు మోగుతారు. భైరవి మధ్యలో పట్టాదారు పుస్తకాల గొడవ వచ్చి పడితే ఆ భైరవి మళ్ళీ అతకదు. పాటలు వినిపించడం తప్ప ఇంకో పని తెలియని పెట్టె కావాలి నాయుడికి. ఇల్లు బొబ్బిలి, ఉద్యోగం పార్వతీపురంలో. పోను గంట, రాను గంట బస్సు. రోజుకు రెండు గంటలు వినొచ్చు.

నాయుడు పద్ధతైన మనిషి. ఒక నోటు పుస్తకంలో గళ్ళు గీసుకున్నాడు. ఛార్జి ఎంతసేపు నిలుస్తుంది, ఎన్ని పాటలు పడతాయి, బస్సు రొదలో వినిపిస్తుందా, రికార్డు చేస్తుందా. చివరి ప్రశ్న కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు. అసలు సంగతంతా ఆ గీతల దగ్గరే ఉంది.

నాయుడు పదకొండేళ్ళుగా బొబ్బిలిలోనే జోగారావు గారి దగ్గర వీణ నేర్చుకుంటున్నాడు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. వర్ణాలు చెప్పారు, కీర్తనలు చెప్పారు, రాగం ఎలా పెంచుకుంటూ పోవాలో చెప్పారు. తానం మాత్రం చెప్పలేదు.

తానం అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. రాగాన్ని తీరిగ్గా ఆలపించాక, పాట ఎత్తుకునే ముందు, తాళం వెయ్యకుండానే తీగలను ఒక నడకలో మీటుకుంటూ పోతారు. కాసేపు గుర్రం కదం తొక్కినట్టు ఉంటుంది, కాసేపు ఏనుగు తాపీగా నడిచినట్టు ఉంటుంది. దాన్ని వీణ మీదే వినాలి. జోగారావు గారి తానం వాళ్ళ గురువుగారి దగ్గర నుంచి వచ్చింది. ఆయనతో పాటు నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

నాయుడు ఎప్పుడు అడిగినా ఆయన "చూద్దాం నాయుడూ" అనేవారు. ఈ ఏడాది ఆయన కుడి భుజం పట్టేయడం మొదలుపెట్టింది. కొన్ని రోజులు చెయ్యి లేస్తోంది, కొన్ని రోజులు లేవడం లేదు. ఆ చెయ్యి పూర్తిగా ఆగిపోతే ఆ తానం ఇక ఎక్కడా వినపడదు. నాయుడికి అదీ భయం. మంచి పెట్టె ఒకటి కొని, ఒక్కసారి అందులో పట్టేసుకుంటే, ఆ తర్వాత రోజూ విని నేర్చేసుకోవచ్చని అతని ఆలోచన.

ఆ ఆదివారం పొద్దున్న అతను రెండు పెట్టెలు తెచ్చాడు. విజయనగరంలో తెలిసిన దుకాణదారు, రెండూ వాడి చూసి నచ్చనిది తిరిగి తెచ్చెయ్యమన్నాడట. ఒకటి నల్లగా, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, అయిదు బొత్తాలతో ఉంది. రెండోది పలచగా, అద్దం ముక్కలా, ఎక్కడా బొత్తామన్నదే లేకుండా ఉంది. వేలితో ముట్టుకుంటే చాలు.

జోగారావు గారి భార్య మంగతాయారు గారు గుమ్మంలోంచే చూశారు.

"కిందటి వారం ఆ గళ్ళ పుస్తకం, ఈ వారం పెట్టెలూనా? పెళ్ళిచూపులప్పుడు తల ఎత్తనేలేదని మీ ఆవిడ చెప్పింది. ఆ చూపులన్నీ వీటికోసం దాచుకున్నావన్నమాట!"

"అప్పుడు వచ్చింది ఒక్క సంబంధమేనండమ్మగారూ. ఇవి ముప్పై రకాలున్నాయండి."

జోగారావు గారు చాప మీద కూర్చుని ఉన్నారు. కుడి చేతి వేళ్ళకు మీటే తీగ తొడుగులు అప్పటికే పెట్టుకున్నారు. ఆ రోజు చెయ్యి బాగా లేచిందని ఆయన ముఖమే చెబుతోంది.

"ఎన్ని పాటలు పడతాయి ఇందులో?" అని అడిగారు.

"ఇరవై వేలండి."

"రోజుకు పది వింటే?"

నాయుడు నోటితోనే లెక్క కట్టాడు. "రెండు వేల రోజులండి. అయిదున్నరేళ్ళు."

"ఫరవాలేదు. అప్పటికి నాకింకా ఎనభై నాలుగు నిండవు."

నాయుడు గొంతు సవరించుకున్నాడు. ఈ మాట బస్సులో ఎన్నిసార్లు అనుకున్నాడో. "గురువుగారూ, ఒక్కసారి తానం వాయిస్తే ఇందులో పట్టుకుంటానండి. రోజూ రెండు గంటలు వింటాను. ఏడాదిలో వచ్చేస్తుందండి."

"చూద్దాం" అంటారని ఎదురుచూశాడు. ఆయన అనలేదు.

"దేంట్లో పట్టుకుంటావు?"

"మీరే చెప్పాలండి. మీ తానం కదా."

"అయితే రెండింట్లోనూ పట్టు" అని ఆయన వీణను దగ్గరకు తీసుకున్నారు.

ఇరవై నిమిషాలు వాయించారు. నాయుడు పెట్టెలకేసి చూడటం మర్చిపోయాడు. మంగతాయారు గారు కాఫీ తెచ్చి, గ్లాసు నేల మీద పెడితే చప్పుడవుతుందని చేత్తోనే పట్టుకుని నిలబడ్డారు. చివరి మీటు సన్నగిల్లి ఆగిపోయాక, జోగారావు గారు ఎడమ చేత్తో భుజం నొక్కుకున్నారు.

"ఏదీ, వినిపించు."

నాయుడు అద్దం పెట్టెలో వినిపించాడు. జోగారావు గారు కళ్ళు మూసుకుని విన్నారు. కొంతసేపటికి ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా అయింది.

"తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపిస్తోందే! ఇది కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ చల్లగా ఉండాలి. మా గురువుగారు ఉన్నప్పుడు ఇలాంటిది లేకపోయింది. ఆయన తానం నా చెవిలో ఉంది గానీ, ఈవిడకు వినిపించడానికి ఎలా తియ్యను?"

నాయుడి గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ గురువుగారు యంత్రాలు ఇష్టపడరేమో అనుకున్నాడు.

"చాలు, దీన్ని ఎలా ఆపాలి?" అన్నారు ఆయన.

"అక్కడ ముట్టుకోండి చాలండి."

కుడి చేతికి తొడుగులున్నాయి కనుక జోగారావు గారు ఎడమ చూపుడు వేలితో ముట్టుకున్నారు. పెట్టె ఆగలేదు. మళ్ళీ ముట్టుకున్నారు. ఆగలేదు. మధ్య వేలితో గట్టిగా నొక్కారు. తానం తన దారిన తాను పోతూనే ఉంది.

"నూనె చెయ్యేమో, తుడుచుకోండి" అన్నారు మంగతాయారు గారు. వీణ వాయించేవాళ్ళు తీగ మీద వేలు సులువుగా జరగడానికి కాస్త నూనె రాసుకుంటారు లెండి.

ఆయన పంచె కొంగుతో వేళ్ళు శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ ముట్టుకున్నారు. ఊహూ.

"యాభై ఏళ్ళుగా మీ మాట వింటున్నది నేనొక్కదాన్నే. అది కూడా ఎందుకు వింటుంది?" అని ఆవిడ నవ్వి, కాఫీ గ్లాసు నాయుడి చేతికిచ్చారు.

నాయుడు కుడి చేతిలో గ్లాసు పట్టుకునే ముందుకు వంగి, ఎడమ చేతి చూపుడు వేలితో అలా ముట్టాడో లేదో, పెట్టె ఠక్కున ఆగిపోయింది.

జోగారావు గారు ఆ వేలికేసి చూశారు. తర్వాత నాయుడి ఎడమ చెయ్యి అందుకుని, వెల్లకిలా తిప్పి, బొటనవేలితో ఆ వేళ్ళ కొసలు ఒక్కొక్కటే తడిమారు.

వీణ మెట్ల మీద తీగను ఎడమ చేతి వేళ్ళతో నొక్కుతారు, పక్కకు లాగుతారు. రోజూ సాధన చేసేవాళ్ళకు చూపుడు వేలికీ మధ్య వేలికీ కొసల్లో చర్మం కాయ కాసి, మధ్యలో తీగ దిగినంత గాడి పడుతుంది. జోగారావు గారి వేళ్ళకు ఆ గాడి యాభై ఏళ్ళ నుంచీ ఉంది. ఆ గట్టి చర్మం ముట్టుకుంటే, వేలు ముట్టినట్టు ఆ అద్దానికి తెలియనే లేదు. నాయుడికీ ఒకప్పుడు ఆ గాడి ఉండేది. పద్నాలుగు నెలల కిందట ఉద్యోగంలో పై మెట్టు ఎక్కాడు. అప్పటి నుంచి పని పెరిగింది. ఆదివారాలు వచ్చి, వచ్చినవే వాయించి వెళ్తున్నాడు. మిగిలిన రోజుల్లో బస్సులో వినడమే సాధన అనుకున్నాడు. ఇప్పుడు అతని వేళ్ళు కలం పట్టుకునేవాడి వేళ్ళలా నున్నగా ఉన్నాయి.

నాయుడికి చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆయన పట్టు వదల్లేదు.

"మళ్ళీ విజయనగరం వెళ్ళాలేమో కదా. దేన్ని ఉంచుకుంటావు?" అని ఆయనే అడిగారు.

"మీరు చెప్పండి" అన్నాడు నాయుడు.

"ఈ అద్దం పెట్టె ఉంచుకో."

"ఇది మీ మాట వినలేదు కదండీ?"

"నీ మాట వింటోందిగా."

అంతే. ఆయన తొడుగులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో పెట్టుకున్నారు.

*

బొత్తాల పెట్టె దుకాణానికి వెళ్ళిపోయింది. అద్దం పెట్టె నాయుడి దగ్గర ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే లేచి నాయుడు వీణ మీది గుడ్డ తీశాడు. ముందురోజు విన్న తానం చెవిలో స్పష్టంగా ఉంది. మొదటి పలుకే రాలేదు. తీగ లాగబోతే వేలు మండింది. పావుగంటకు మించి కూర్చోలేకపోయాడు. తానం పక్కన పెట్టి, మొదట నేర్చుకున్న వరసలు మొదలుపెట్టాడు. పదకొండేళ్ళ కిందటి పాఠాలు.

నాలుగో రోజుకి పొక్కులు వచ్చాయి. వారానికి అవి చిట్లాయి. ఆఫీసులో ఒకాయన "వేలు తలుపులో పడిందా నాయుడు గారూ?" అని అడిగాడు. "తలుపు ఇప్పుడే తెరుచుకుంటోందండి" అని నాయుడు నవ్వేశాడు.

బస్సులో మాత్రం తానం రోజూ విన్నాడు. అంతకుముందు వినడం వేరు, ఇప్పుడు వినడం వేరు. పెట్టెలో ఒక్కో గమకం వస్తుంటే, అది లాగడానికి ఎంత బలం పట్టిందో, ఎక్కడ మండి ఉంటుందో అతని వేలికి తెలిసేది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పట్టేసిన భుజంతో, తనకోసం ఇరవై నిమిషాలు అలా లాగుతూ కూర్చున్నారు. ఒక్కోసారి సీతానగరం వంతెన దాటేసరికి నాయుడికి కిటికీలోంచి బయట ఏమీ కనిపించేది కాదు.

ఆదివారాలు వెళ్తూనే ఉన్నాడు. తానం ఊసు అతను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఒకటి రెండు సార్లు మాత్రం, కొత్త కీర్తన చెబుతూ చెబుతూ, ఆయన చూపు నాయుడి ఎడమ చేతి మీద కాసేపు ఆగేది.

ఏడు నెలలు గడిచాయి.

ఆషాఢంలో ఒక గురువారం. బస్సు కిక్కిరిసి ఉంది. నాయుడు కుడి చేత్తో పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు టిక్కెట్టు అడుగుతుంటే వినపడాలని, ఎడమ చేత్తో పెట్టెను ఆపబోయాడు. ఆగలేదు. చెమటేమో అని చొక్కాకు వేలు తుడిచి మళ్ళీ ముట్టాడు. ఆగలేదు. మధ్య వేలితో ముట్టాడు.

తానం తన దారిన తాను పోతూనే ఉంది.

కండక్టరు "పార్వతీపురమేనా?" అంటున్నాడు. నాయుడు సీతానగరంలోనే దిగిపోయి, ఎదురుగా వస్తున్న బొబ్బిలి బస్సు ఎక్కాడు.

జోగారావు గారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. మంగతాయారు గారు ఆయన భుజానికి ఉప్పు మూటతో కాపడం పెడుతున్నారు. గుమ్మంలో తానం వినపడేసరికి ఇద్దరూ తలెత్తారు. నాయుడు ఇయర్‌ఫోన్లు తీసేసి ఉన్నాడు. పెట్టె అరచేతిలో ఉంది.

"ఈ రోజు ఆఫీసు లేదా నాయుడూ?"

"ఉందండమ్మగారూ."

"మరి ఇలా వచ్చావేం? ముందు ఆ పెట్టె ఆపవయ్యా, మాట వినపడటం లేదు."

"ఆగడం లేదండి" అన్నాడు నాయుడు. ఎడమ చూపుడు వేలితో ఇంకోసారి ముట్టి చూపించాడు.

"కుడి చేత్తో ఆపొచ్చుగా?"

"ఆపొచ్చండి" అన్నాడు. ఆపలేదు.

మంగతాయారు గారు భర్త వైపు చూశారు. ఆయన కాపడం మూటను మెల్లగా పక్కకు జరిపారు. లేవబోయి లేవలేక, గోడవార ఉన్న తన వీణ వైపు గడ్డంతో చూపించారు.

"అది తెచ్చుకుని కూర్చో."

ఆ ఇంట్లో ఆ వీణను ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు. నాయుడు కదల్లేదు.

"మీ వీణ కదండీ..."

"నా చెయ్యి ఈ పూట లేవడం లేదు. నోటితో చెప్తాను. నీ చెయ్యి ఉందిగా."

నాయుడు పెట్టెను చాప మీద పెట్టి, ఆయన పాదాలకు నమస్కరించి, వీణను ఒళ్ళోకి తీసుకున్నాడు. మంగతాయారు గారు వంగి పెట్టెను వేలితో ముట్టారు. గది నిశ్శబ్దమైంది.

జోగారావు గారు నోరు తెరిచి, పాడబోయి, ఆగారు.

"కళ్ళు తుడుచుకో నాయుడూ. తీగలు తుప్పు పడతాయి."