వట్టివేళ్ళ చల్లదనం

తన తాళపత్రాలన్నీ ఒకేచోట దాచడానికి ఏ సీమ అనువైనదో చూసి రమ్మని చక్రవర్తి సోమయామాత్యుణ్ణి పంపాడు. ఆయన మెట్టసీమకు వచ్చి, అక్కడి ఒక ఊరి బావిలోకి తొంగిచూసి మురిసిపోయాడు.

"ఇక్కడికి వరద రాదు, శత్రువూ రాడు. ఎండకు ఆకులు పెళుసెక్కకుండా భవనం చుట్టూ వట్టివేళ్ళ తడికలు కట్టి, రోజంతా తడుపుతుంటే సరి. ఈ బావి చాలు."

ఆ ఊరికి ఉన్నది ఆ ఒక్క బావే. నీళ్ళు మోసే నూకాలు ఆ మాటలు వింది. ఎలాగైనా దాన్ని కాపాడుకోవాలని అక్కడికక్కడే గట్టిగా అనుకుంది.

"అలాగే బాబూ. ముందు మీ గుడారానికి కట్టి చూద్దాం" అంది.

మర్నాడు పొద్దుటినుంచీ ఊరంతా కడవలతో తడికలు తడిపారు. లోపల కమ్మని పరిమళం, వెన్నెల్లో పడుకున్నంత చల్లదనం. అమాత్యుడు హాయిగా నిద్రపోయి, సాయంత్రం లేచి మంచినీళ్ళు అడిగాడు.

"బావిలో బురదే మిగిలింది బాబూ. ఈ ఒక్క కడవే ఉంది" అంది నూకాలు.

"ఇంకేం, పొయ్యి."

"తడికలు కూడా ఆరిపోతున్నాయి బాబూ. తాళపత్రాలొచ్చాక రోజూ ఇంతే కదా. వాటి మీద పొయ్యమంటారా, మీ దోసిట్లో పొయ్యమంటారా?"

అమాత్యుడు దోసిలి పట్టాడు. కడుపునిండా తాగి, మూతి తుడుచుకుని, అనువైన సీమల జాబితాలో మెట్టసీమ పేరు మీద గంటంతో గీత గీశాడు.