కోరాగుడ్డ షేర్వానీ

పదకొండేళ్ళు పనిచేసినా తనచేత ఇంకా కోరాగుడ్డ కుట్టించడం ఓబులేసుకు తలవంపుగా ఉండేది.

కర్నూలు పాతబస్తీలో ఖలందర్ సాహెబ్ దర్జీ దుకాణం పద్ధతి అది. పాత కాగితం నమూనాతో ఏది కుట్టినా, ముందు చవక కోరాగుడ్డతో ఒకటి కుట్టి మనిషికి తొడిగి చూడాలి. ఆ తర్వాతే అసలు గుడ్డమీద కత్తెర పడాలి. కత్తెర పట్టిన కొత్తలో ఎవరికైనా కళ్ళు నెత్తికెక్కుతాయి. మన ఓబులేసుకు కాస్త ఆలస్యంగా, ఉస్తాద్ ఖలందర్ సాహెబ్ చేతులు వణకడం మొదలైన ఏడాది ఎక్కాయి.

ఆ చలికాలం జాఫర్ అనే పెళ్ళికొడుకు వచ్చాడు. వాళ్ళ నాయన తన నిఖాకు ఇక్కడే షేర్వానీ కుట్టించుకున్నాడు. కొడుక్కీ అలాంటిదే కావాలని గుడ్డ కూడా తానే కొనిపెట్టి, నెల కిందట పోయాడు. అలాంటి గుడ్డ ఇప్పుడు వెతికినా దొరకదు.

ముప్పై ఏళ్ళ నాటి నమూనా ఇంకా మేకుకు వేలాడుతూనే ఉంది. కొడుకు అచ్చం తండ్రి పోలిక, ఎత్తూ అంతే. ఓబులేసు నమూనా దించి, తిన్నగా అసలు గుడ్డమీదే పరిచి సుద్దతో గీతలు గీశాడు.

"కోరా ఏదప్పా?" అన్నాడు ఉస్తాద్ దగ్గుతూ.

"ఇంకా ఎన్నాళ్ళు ఉస్తాద్ ఆ కోరా? నా చేతికి తెలుస్తాది. ఒక్కసారన్నా నన్ను నమ్మరా?"

ఉస్తాద్ కోప్పడలేదు. మెల్లగా లేచి, మూలనున్న ట్రంకుపెట్టె తెరిచి, మడత పెట్టిన తెల్లగుడ్డ తెచ్చి బల్లమీద పెట్టాడు. కర్పూరం వాసన వచ్చింది.

"అయితే ఇది కత్తిరించు. దీనికి కోరా అక్కర్లే."

"ఎవరికి ఉస్తాద్?"

"నాకే. నన్ను పూడ్చేటప్పుడు చుట్టేదానికి. హజ్‌కు పోయినప్పుడు మక్కాలో జంజం బావి నీళ్ళలో తడిపి తెచ్చుకున్నా."

ఓబులేసు చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ దగ్గు ఎన్నాళ్ళనుంచి ఉందో, మనిషి ఎప్పుడు ఇంత చిక్కిపోయాడో అతనికి తెలియలేదు.

"భయపడాకప్పా," అన్నాడు ఉస్తాద్. "చంకలో బిగుతైందని నేను చెప్పనులే."

ఓబులేసు అసలు గుడ్డ మడిచి పక్కన పెట్టి, కోరా తాను అందుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం జాఫర్ కోరా షేర్వానీ తొడుక్కున్నాడు. గుండీల చోట పిన్నులు గుచ్చి, ఓబులేసు చేతులు ఎత్తమన్నాడు. ఎత్తగానే వీపు దగ్గర పర్రుమని చిరిగింది.

జాఫర్ చేతులు దించలేదు.

"మా నాయన ఇంత సన్నగా ఉండేవాడా?" అన్నాడు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఓబులేసు చిరిగిన వెడల్పు కొలిచి, కొత్త కాగితంమీద గుర్తు పెట్టుకున్నాడు. ఉస్తాద్ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ చప్పుడు విన్నాడో లేదో.

జాఫర్ వెళ్ళాక ఓబులేసు ట్రంకుపెట్టె తెరిచాడు. అందులోని పాత కోట్లన్నీ బయటికి తీసి, బల్లమీదున్న తెల్లగుడ్డను ఇప్పట్లో చేతికందకుండా అట్టడుగున పెట్టి, మళ్ళీ ఒక్కొక్కటే దానిమీద సర్దాడు.