సుబుద్ధిపాడు బళ్ళో ఆన్‌లైన్ చదువు

బ్రహ్మదేవుడు తెలివి పంచిపెడుతున్న రోజున మిగతా ఊళ్ళవాళ్ళు గరిటెలు పట్టుకెళ్తే, సుబుద్ధిపాడు వాళ్ళు గంగాళాలు పట్టుకెళ్ళారట. ఈ మాట సుబుద్ధిపాడు వాళ్ళే చెప్పుకుంటారు. ఆ గంగాళాలు బోర్లా పట్టుకున్నారన్న సంగతి మాత్రం పక్క ఊళ్ళవాళ్ళు చెబుతారు. ఎవరిది నిజమో మీరే తేల్చుకోండి.

అలాంటి ఊళ్ళో అందరికన్నా తెలివైనవాడు బడి హెడ్‌మాష్టారు పేర్రాజు. ఆయన తర్వాత లెక్కల టీచరు అచ్చమాంబ, ఆవిడ తర్వాత డ్రిల్లు మాష్టారు కోటిలింగం. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి. సొంత పైత్యం కలిపితే చెడతాం," అని పేర్రాజు రోజూ ప్రార్థన వేళ పిల్లలకి బోధించేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఒకనాడు మండల విద్యాధికారి రంగనాయకులు వచ్చి, ఒక లాప్‌టాపూ ఒక ప్రొజెక్టరూ బల్ల మీద పెట్టాడు. "మేష్టారూ, పిల్లలకి చదువు చెప్పడానికి ఆన్‌లైన్లో బోలెడు ఉన్నాయి. క్విజ్జులు, బోర్డులు, పాఠాల వీడియోలు. అన్నీ ఉచితమే. వాడండి. శుక్రవారం వచ్చి పిల్లల్ని ప్రశ్నలడుగుతా. ఏమీ రాకపోయిందో, మీ బడిని కాకరవరం బడిలో కలిపేస్తా," అన్నాడు.

పేర్రాజు గుండెల్లో రాయి పడింది. కాకరవరం హెడ్‌మాష్టారు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆయన బావమరిది వీరభద్రం. పెళ్ళిలో అలకపాన్పు ఎక్కి తను మూడు చెరువుల నీళ్ళు తాగించిన వీరభద్రం! ఇకమీదట రోజూ పొద్దున్నే వాడి ముందు చేతులు కట్టుకుని "నమస్కారం సార్" అనాలా? అంతకన్నా ఏ గోదాట్లోనో దూకడం నయం అనుకున్నాడు.

రంగనాయకులు వెళ్తూ వెళ్తూ ఆయన చెవిలో క్విజ్జు పాస్‌వర్డు చెప్పి, "ఇది ఎవరికీ చెప్పకండి. ఎవరడిగినా సరే," అన్నాడు.

అంతే. మర్నాడు లాప్‌టాప్ తెరవగానే అది అడిగింది కదా, 'పాస్‌వర్డు ఇవ్వండి' అని!

"ఓసి దీని తెలివి తెల్లారా!" అన్నాడు పేర్రాజు. "నిన్ననే కదా సార్ చెప్పొద్దన్నారు, పొద్దున్నే కూపీ లాగుతోంది!"

"మన నిజాయితీకి పరీక్ష పెడుతోంది సార్, లొంగకండి," అంది అచ్చమాంబ.

పేర్రాజు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ 'చెప్పను' అని కొట్టాడు. అది తప్పంది, మళ్ళీ అడిగింది. 'చంపినా చెప్పను' అని కొట్టాడు. మళ్ళీ అడిగింది. 'మా ఆవిడకే చెప్పలేదు, నీకు చెబుతానా' అని కొట్టాడు. ఇంకేముంది, ఇక మీరు లోపలికి రావడానికి వీల్లేదంటూ క్విజ్జు కాస్తా తాళం వేసుకుంది.

"ఓడిపోయి తలుపేసుకుందిరోయ్!" అని కోటిలింగం ఈల వేశాడు. ఆ పూట బడికి సెలవిచ్చి బెల్లం పంచిపెట్టారు.

క్విజ్జు పోయిందని తెలిసి రంగనాయకులు ఫోన్లో తల బాదుకున్నాడు. "సరే, పాస్‌వర్డు అక్కర్లేని బోర్డొకటి ఉంది. అది తెరిచి ప్రొజెక్టరు గోడ మీదికి తిప్పండి. పిల్లలందరూ ఒకేసారి రాసుకోవచ్చు. చెరపాలంటే ఒక్క నొక్కు నొక్కితే చాలు, మొత్తం పోతుంది," అన్నాడు.

అలాగే తిప్పారు. గోడ మీద తెల్లగా బోర్డు పడింది. పిల్లలందరికీ తలొక బొగ్గుముక్క ఇచ్చారు. అంతే, ఒకరి మీద ఒకరెక్కి అ ఆలు రాసినవాళ్ళు రాశారు, ఏనుగులు గీసినవాళ్ళు గీశారు. ఒక పిల్ల పేర్రాజు మీసాలు గీసింది. గోడంతా మసిబొగ్గు.

"ఇక చెరపండి," అన్నాడు పేర్రాజు.

కోటిలింగం వేలితో గోడని నొక్కాడు. పోలేదు. అరచేత్తో నొక్కాడు. పోలేదు.

"మీ ఒక్కరి నొక్కు చాలదు మేష్టారూ. అందరూ రాశారు కాబట్టి అందరూ కలిసి నొక్కాలి. లెక్క ప్రకారం అంతే," అంది అచ్చమాంబ.

ఆహా, లెక్కల టీచరంటే అలా ఉండాలి! పిల్లలూ పెద్దలూ వరసగా గోడకి భుజాలు ఆనించారు. కోటిలింగం "ఐసా!" అన్నాడు. అందరూ "హైసా!" అన్నారు. మొన్నటి వానలకి నానిన మట్టిగోడ పాపం ఎంతసేపని ఆగుతుంది? అవతల గడ్డివాము మీదికి దభీమని ఒరిగింది. గోడతో పాటు పిల్లలు కూడా గడ్డిలో పడ్డారు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పేర్రాజు దుమ్ము దులుపుకుని లేచి చూశాడు. "సార్ అన్నది అక్షరాలా నిజం. మొత్తం పోయింది," అన్నాడు మెచ్చుకోలుగా.

ఇక మిగిలింది ఎక్కాల వీడియో. ఆ ఊళ్ళో సిగ్నలు అంతంతమాత్రం. వీడియో నొక్కగానే తెర మీద ఒక సున్నా గిర్రున తిరుగుతూ, కింద అక్షరాలు కనిపించాయి: 'దయచేసి వేచి ఉండండి. మధ్యలో వెళ్ళిపోకండి.'

"దయచేసి అంటోంది, ఎంత మర్యాదో చూడండి," అన్నాడు పేర్రాజు. "ఎవరూ కదలకండి!"

ఇంకేముంది, ఎవరూ కదల్లేదు. ఇంటిగంట కొట్టినా కదల్లేదు. తల్లులొచ్చి పిలిస్తే వాళ్ళనీ కూర్చోబెట్టారు. క్యారియర్లు బడికే వచ్చాయి, చాపలు బడికే వచ్చాయి. పేర్రాజు భార్య సూరమ్మ వంటే బడికి మార్చేసింది. శుక్రవారం దాకా సున్నా తిరుగుతూనే ఉంది, ఊరంతా వేచే ఉంది. ఊరికే కూర్చుంటే కునుకు పడుతోందని అచ్చమాంబ పిల్లల చేత ఎక్కాలు చెప్పించింది. అయిన ఎక్కమే మళ్ళీ, మళ్ళీ మళ్ళీ. చివరికి గోడ పోయిన చోటు నుంచి లోపలికొచ్చిన మేకలు కూడా తాళం ప్రకారం తలలూపాయి.

శుక్రవారం రంగనాయకులు వచ్చాడు. గోడ లేదు. బడి లోపల గాడిపొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. పేర్రాజుకి వీరభద్రం మొహం కళ్ళ ముందు ఆడింది.

"పదిహేడు ఎనిమిదులెంత?" అని ఉరిమాడు రంగనాయకులు.

"నూట ముప్ఫై ఆరు!" అని పిల్లలందరూ కప్పు ఎగిరిపోయేట్టు అరిచారు.

"పంతొమ్మిది ఏడులు?"

"నూట ముప్ఫై మూడు!"

ఆయన మండలం మొత్తం మీద ఇలాంటి పిల్లల్ని చూడలేదు. కోపం గీపం ఎటుపోయిందో! "దేంతో నేర్పారు మేష్టారూ?" అని ఆశ్చర్యంగా అడిగాడు.

"అదిగోనండీ, ఆ తిరుగుతున్న సున్నాతోనే. చాలా మంచిదండీ, పైగా ఉచితం," అన్నాడు పేర్రాజు.

రంగనాయకులు నవ్వాపుకోలేక నవ్వాపుకోలేక ఆ లాప్‌టాప్‌లోనే నివేదిక టైపు చేశాడు: ఈ బడిని కలపడానికి వీల్లేదు, గోడ కట్టించాలి. "ఇక్కడ సిగ్నలు లేదు. ఆఫీసుకెళ్ళి పైకి పంపిస్తా. మీ బడి బతుకు ఇందులోనే ఉంది, జాగ్రత్తగా సంచిలో పెట్టివ్వండి," అని చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

పేర్రాజుకి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. లాప్‌టాప్ సంచిలో పెట్టబోతుంటే సూరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అయ్యో రాత! ఒకరింటి నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపుతామా? మన పరువేం కాను?"

"నిజమే సుమా!" అని పేర్రాజు నాలిక్కరుచుకున్నాడు. అంతే, మూత తెరిచి పట్టుకున్నాడు. సూరమ్మ ములక్కాడ పులుసు రెండు గరిటెలు వడ్డించింది. "గిన్నెకి లోతు లేదండీ, పాపం సారుది చిన్నకాపరంలా ఉంది," అని జాలిపడింది కూడా. మూత గట్టిగా నొక్కి, గుడ్డ చుట్టి, సంచిలో పెట్టి, "తొణక్కుండా పట్టుకెళ్ళండి సార్" అని రెండు చేతులతో అందించాడు. రంగనాయకులు ఆ మర్యాదకి మురిసిపోయి బండెక్కాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. "ఏం మనుషులయ్యా మీరు! మీ పులుసు తగలెయ్య!" అని రంగనాయకులు కేకలు. "ఎండబెట్టించాను. సాయంత్రానికి బాగుపడితే నివేదిక పంపుతా. లేదా, సోమవారం నించి మీరు కాకరవరమే!"

పేర్రాజు ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "పులుసు ఆయనకి నచ్చలేదే."

సూరమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యయ్యో! ఆ హడావిడిలో ఉప్పు వెయ్యలేదండీ!"

ఇంకేముంది! పేర్రాజు గల్లుప్పు పొట్లం పట్టుకుని, పడుతూ లేస్తూ సైకిలు మీద మండలాఫీసు చేరాడు. అందరూ భోజనాలకి వెళ్ళినట్టున్నారు. వరండాలో లాప్‌టాప్ నోరు తెరుచుకుని ఎండలో ఉంది. తడి దాదాపు ఆరిపోయి, మూల చిన్న దీపం కూడా మిణుకుమిణుకుమంటోంది. సమయానికి వచ్చాననుకుని పేర్రాజు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. గుప్పెడు ఉప్పు నాలుగు మూలలా చల్లాడు. ముక్కలకి పట్టాలి కదా అని పక్కనున్న కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు పోసి, చేత్తో బాగా కలిపాడు. దీపం ఆరిపోయింది.

వేలు నాకి చూసి, "ఆఁ, ఇప్పుడు కుదిరింది," అని మూత పెట్టాడు.