ఏనుగులు తొక్కిన నాట్లు

మబ్బులు సైతం కాసేపు ఆగి చూసి వెళ్ళేంత అందమైన మంచుగట్టు కొండకు రాజు లేడు. అక్కడివాళ్ళు తమను తామే ఏలుకునేవాళ్ళు. ఒకనాడు ఆ కొండ నాదంటే నాదని తూర్పు రాజూ పడమటి రాజూ సైన్యాలతో వచ్చి కింద దిగారు. యుద్ధమంటూ జరిగితే మిగిలేది తమ గుడిసెల బూడిదేనని కొండవాళ్ళు వణికిపోయారు.

తేనె తీసే కోరమ్మ మాత్రం రాజులిద్దరి మధ్యకు వెళ్ళి దండం పెట్టింది.

"మారాజులూ, మా కొండ ఏనుగులు నిన్న దిగొచ్చి మీ ఇద్దరి వరిచేలూ తొక్కేశాయి. కొండ ఎవరిదైతే ఏనుగులూ వారివే కదా?"

"ముమ్మాటికీ నావే!" అన్నాడు తూర్పు రాజు.

"చాల్లేవయ్యా, నావి!" అన్నాడు పడమటి రాజు.

"మంచిది. పశువు పరాయి చేలో పడితే, దాని యజమానే బురదలో దిగి మళ్ళీ నాట్లు వేయాలని మీ రెండు రాజ్యాల్లోనూ కట్టుబాటు ఉందిగా. ఎవరు ఎవరి చేలో దిగుతారో చెప్పండి, నారు మోసుకొస్తా."

పగవాడి పొలంలో పంచె ఎగ్గట్టి నడుం వంచిన తన రూపం తూర్పు రాజు కళ్ళ ముందు మెదిలింది.

"ఈ కొండ నాది కాదు!"

"నాదని ఎవడన్నాడు?" అన్నాడు పడమటి రాజు వెంటనే.

"ఆ ముక్కే రాగిరేకు మీద రాయించండి బాబూ."

ఇద్దరూ రాయించి ముద్రలు వేశారు. కోరమ్మ రేకును కళ్ళకద్దుకుని కొంగు బిగించింది.

"అయితే కొండా మాదే, ఏనుగులూ మావే. పదండర్రా, నాట్లేద్దాం!"

కొండ కొండంతా పాడుకుంటూ బురదలో దిగింది. గట్టు మీద నిలబడ్డ రాజులిద్దరికీ ఆ పాట తెగ నచ్చింది. కానీ అది నాదని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.