తోక మొదట్లో గీత

ఆచార్య భానోజీ గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్ళు తల గోక్కుంటూ మిగులుతారు.

బల్లుల మీద పరిశోధన చేసే హైమ ఒక ఉదయం ఆయన గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మన్యం కొండల్లో, ఒక రాతి సందున ఆమెకో బల్లి దొరికింది. అక్కడ ఇంతవరకు తెలిసిన బల్లులన్నిటికీ తోక మీద నల్లటి పట్టీలుంటాయి. దీని తోక మాత్రం నున్నగా, ఒకే బూడిద రంగులో ఉంది. లోకానికి తెలియని జాతి అని వ్యాసం రాసేసింది, దానికి వాళ్ళమ్మ పేరు పెట్టేసింది. సాయంత్రం పత్రికకు పంపడమే తరువాయి. కానీ మనిషికి నిద్ర లేదు. తోటి పరిశోధకుడు రత్నం ఆమె బీరువా చుట్టూ తిరుగుతున్నాడట, బల్లిని కాజేసి తనకంటే ముందే పేరు పెట్టేస్తాడట. అందుకని బల్లి ఉన్న సీసాను చున్నీలో చుట్టి, సంచీలో పెట్టుకుని తిరుగుతోంది. క్యాంటీనుకు కూడా! చచ్చిన బల్లికి ఇంత వైభోగమా అని నవ్వొస్తుంది గానీ, ఆ పిల్ల నిజంగా భయపడింది.

"దొంగను పక్కన పెట్టుకుని ఎలా పనిచెయ్యను మాస్టారూ? అతణ్ణి ల్యాబులోంచి పంపించెయ్యండి."

"రత్నాన్ని పిలువమ్మా," అన్నారాయన.

రత్నం వచ్చాడు. "హైమా, సీసా అతనికియ్యి. ఒరే రత్నం, ఇది కొత్త జాతి కాదని రుజువు చెయ్యి చూద్దాం."

హైమ సంచీని దగ్గరకు లాక్కుంది. అయితే వీళ్ళిద్దరూ ఒకటేనన్నమాట! మాస్టారి మీద కూడా అనుమానం మొలిచింది. కాదనలేక సీసా ఇచ్చింది గానీ, మూత మాత్రం గుప్పిట్లోనే ఉంచుకుంది.

రత్నం బల్లిని పళ్ళెంలో పెట్టి, తోక మొదట్లో భూతద్దం ఆపాడు.

"ఇక్కడో గీత ఉంది, చూడు. గీత దాటాక పొలుసుల తీరే మారిపోయింది. తోక తెగి మళ్ళీ మొలిచింది. అలా మొలిచిన తోకకు పట్టీలు రావు."

"ఏదో ఒక వంక పెడతావని తెలుసు!" అంటూనే హైమ భూతద్దం లాక్కుంది. గీత ఉంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది. ఎందుకంటే, తెగిన తోకల పాఠం జూనియర్లకు చెప్పేది ఆవిడే. వ్యాసం వెళ్ళి ఉంటే నలుగురూ నవ్వేది అమ్మ పేరు చూసే కదా అని కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"సీసాలో చూసినప్పుడే అనుమానం వచ్చింది. దగ్గర్నుంచి చూద్దామని బీరువా దగ్గరికొస్తే, నువ్వు చూసిన చూపుకి నోరు పెగల్లేదు."

హైమ కళ్ళు తుడుచుకుంది. "తోక పోతే పోయింది. జాతిని గుర్తుపట్టడానికి ఇంకా వేళ్ళున్నాయి, తొడల కింది రంధ్రాలున్నాయి. ఇంకో నాలుగు బల్లులు దొరికితే గానీ ఏ సంగతీ తేలదు. మళ్ళీ కొండెక్కాలి. నువ్వూ వస్తావా?"

"వస్తాను. ముందా మూత ఇటివ్వు."

గుమ్మం దగ్గర హైమ ఆగింది. "అయితే మనుషుల్ని అనుమానించడం తప్పంటారా మాస్టారూ?"

"తప్పని నేనన్నానా? ముందు బల్లిని అనుమానించు. ఇంకా మిగిలితే, అప్పుడు మనుషుల సంగతి చూద్దాం."