రెండో చెక్క

అనగా అనగా ఎప్పటి మాటో అనగా, మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, కొండకు దిగువన, ఏటికి ఎగువన ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది.

ఆవిడకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. నాలుగో పిల్లను తల్లి పొరుగింటావిడ ఒళ్ళో పెట్టేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. తవుటికి కొన్న పిల్ల మీద ఏ కన్నూ పడదని వాళ్ళ నమ్మకం. పిల్ల బతికింది. తల్లి పోయాక, తండ్రి పోయాక, కట్టుకున్నవాడు పోయాక కూడా ఒక్కతే బతికింది.

ఆ కట్టుకున్నవాడు వడ్రంగి. అతని ఉలీ బాడిసా ఆవిడకు మిగిలాయి. ఆడది ఉలి పట్టడమేమిటని ఊరు కొన్నాళ్ళు అంది. అని అని మానేసింది. ఎందుకంటే తవిటమ్మ కొత్త కర్ర అడిగేది కాదు. పనికిరాదని ఊరు పారేసిందే పట్టుకుపోయేది. విరిగిన రోకలి పట్టుకుపోయి కవ్వం చేసి తెచ్చేది. మంచం కోడు పట్టుకుపోయి పిల్లలకు బొమ్మ చేసి తెచ్చేది. చెదపట్టిన తలుపు పట్టుకుపోయి, చెద తినని మేర కోసి, అరిసెల చెక్కలు చేసి తెచ్చేది.

అరిసెల చెక్కలు రెండుంటాయి. కింది చెక్కకు గాళ్ళు, పై చెక్కకు పిడి. నూనెలోంచి తీసిన అరిసెను ఆ రెంటి మధ్యా పెట్టి వత్తితే, గాళ్ళలోంచి నూనె జారిపోతుంది. కింది చెక్క లేకపోతే పై చెక్క ఎందుకూ కొరగాదు. పై చెక్క లేకపోతే కిందిదీ అంతే.

ఆ ఊళ్ళో పోలినాయుడు, సన్యాసినాయుడు అని అన్నదమ్ములు. తల్లి ఉన్నన్నాళ్ళు ఒకే పొయ్యి. తల్లి పోయిన ఏడాదికి పొలం గట్టు దగ్గర మొదలైన మాట ఇంట్లోకి వచ్చింది. ఇంట్లోకి వచ్చిన మాట గోడయింది. పెద్దమనుషులు కూర్చుని ఇల్లు పంచారు, ఎడ్లు పంచారు, గంగాళాలు పంచారు. ఆఖర్న అరిసెల చెక్కలు మిగిలాయి. నల్లగా నూనె తాగి అద్దంలా మెరుస్తున్నాయి. అన్న తొలి అడుగులకూ, తమ్ముడి తొలి అడుగులకూ వాళ్ళమ్మ వాటి మీదే అరిసెలు వత్తింది.

"నాకు కావాలి," అన్నాడు పోలినాయుడు.

"నాకూ కావాలి," అన్నాడు సన్యాసి.

పెద్దమనుషులు ఎంత చెప్పినా ఇద్దరిలో ఒక్కడూ దిగలేదు. చివరికి సన్యాసే అన్నాడు, "అయితే తలా ఒకటి." కింది చెక్క అన్నకు పోయింది. పై చెక్క తమ్ముడికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ రెండిళ్ళలోనూ అరిసెలు లేవు.

పోలినాయుడికి పిల్లలు లేరు. సన్యాసికి ఒక్క కూతురు, పేరు పైడి. గోడ కట్టకముందు ఆ పిల్ల పోలినాయుడి భార్య రాములమ్మ చంక దిగేది కాదు. గోడ కట్టాక రాములమ్మ అటు, పైడి ఇటు. ఏడాది నిండింది, పిల్ల నడవలేదు. రెండేళ్ళు నిండాయి, నడవలేదు. పిల్ల తల్లి పేరు సింహాచలం. ఆవిడ ఊరి దేవతకు మొక్కుకుంది. పిల్ల అడుగేస్తే ఒక్క గడప వదలకుండా ఊరందరికీ అరిసెలు పంచుతానని.

ఒక పొద్దున పైడి గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలింది. ఒక అడుగు, రెండడుగులు, మూడడుగులు వేసి కూలబడింది.

సింహాచలం ఆ పూటే బియ్యం నానబోసింది. అరిసెలకు బియ్యం మూడు రోజులు నానాలి. నాలుగో రోజుకు పులిసిపోతాయి. మరి చెక్కలో? గరిటెలతో వత్తుకోవచ్చు కదా అంటారేమో. వత్తుకోవచ్చు. కాని వాళ్ళింట తొలి అడుగులకు ఎవరూ గరిటెతో వత్తలేదు. నడవక నడవక నడిచిన పిల్లకు లోటు చెయ్యడానికి తల్లికి మనసొప్పలేదు.

మొదటిరోజు సన్యాసి తవిటమ్మ పాకకు వచ్చాడు. పై చెక్క చేతిలో ఉంది.

"తవిటమ్మా, దీనికి కింది చెక్క చేసిపెట్టు. కొలత చూసుకో."

ఆవిడ చెక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో పిడి నిమిరింది.

"చెయ్యగలను బాబూ. చెయ్యను."

సన్యాసి తెల్లబోయాడు. ఆవిడ పని కాదనడం ఊళ్ళో ఎవరూ వినలేదు. "ఏం, పనసకర్ర తెచ్చిమ్మంటావా?"

"కర్ర ఉంది. చెయ్యను."

రెండోరోజు ఆ కబురు గోడ దాటింది. పోలినాయుడు తవిటమ్మను పిలిపించాడు. అరుగు మీద కింది చెక్క పెట్టి ఉంది.

"వాడికి చెయ్యనన్నావట. మంచిపని చేశావు. దీనికి పై చెక్క చెయ్యి. జత ముందు నా ఇంట్లో ఉండాలి."

"చెయ్యగలను బాబూ. చెయ్యను."

"వాడికీ చెయ్యవు, నాకూ చెయ్యవు. ఎవరి పక్షం నువ్వు?"

 పక్షాలు ఆవిడకు తెలియవు. పోలినాయుడికి కోపం వచ్చింది. ఊళ్ళో అతని మాటకు బరువుంది. ఆవిడకు ఏ ఇంటా గంజి పొయ్యొద్దన్నాడు. పారేసే కర్రయినా సరే ఇవ్వొద్దన్నాడు. ఊరు సరేనంది. ఆ పూట తవిటమ్మ పొయ్యి వెలగలేదు. ఆవిడ నీళ్ళు తాగి, ఉలి నూరుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

మూడోరోజు తెల్లారకుండానే సింహాచలం వచ్చింది. పిల్ల చంకలో ఉంది. గుమ్మంలో కూలబడింది.

"బియ్యం ఇవాళ దంచకపోతే పులిసిపోతాయి. నా గుంట ముఖం చూసైనా చెయ్యి, అప్పా."

ఆ వైపున ఆడపిల్లను గుంట అని, అక్కను అప్ప అని అంటారు. తవిటమ్మను అప్పా అని ఎవరైనా పిలిచి చాలా కాలమైంది. ఆవిడ చెయ్యి ఉలి మీదకు పోయింది. ఒక పలక తీసి మోకాళ్ళ మధ్య పెట్టుకుంది కూడా.  తర్వాత పలక కింద పెట్టేసింది.

"చెయ్యగలనమ్మా. చెయ్యను."

"ఎందుకు?"

"మీ ఇద్దరిళ్ళ మధ్యా ఇంకా తెగనిది ఆ చెక్కల జత ఒక్కటే. నేను రెండో చెక్క చేశాననుకో, మీకు వాళ్ళతో పనుండదు. వాళ్ళకు మీతో పనుండదు. అంతటితో అయిపోతుంది. ఆ తెంపే పని నా చేత్తో చెయ్యలేను."

"నేనెలా అడగను? మా తోటికోడలికీ నాకూ మాటల్లేవు."

"అడగొద్దు. ఇంటికెళ్ళి పిండి దంచు. నేను పాకం పట్టడానికి వస్తాను. ఊళ్ళో ఎవరేమన్నా వస్తాను."

సింహాచలం వెళ్ళి రోట్లో బియ్యం పోసి దంచడం మొదలుపెట్టింది. అరిసెల పిండి ఒక్కరు దంచేది కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి రోకలి లేస్తుంటే ఒకరి రోకలి పడాలి. అప్పుడు చప్పుడు గుర్రం పరుగులా ఉంటుంది. ఒక్కరే దంచితే కుంటివాడి నడకలా ఉంటుంది. ఆ కుంటి చప్పుడు గోడ దాటి రాములమ్మ వంటింట్లోకి పోయింది. ఒక దంపు. ఆగడం. ఒక దంపు. ఆగడం.

తవిటమ్మ పొయ్యి ముందు కూర్చుని బెల్లం కరిగిస్తోంది. మూడు పూటలుగా తిండి లేదు. అయినా పాకం మీంచి కన్ను తియ్యలేదు. చుక్క నీళ్ళలో వేసింది, నిలవలేదు. మళ్ళీ వేసింది, నిలవలేదు. మూడోసారి వేస్తే ఉండ కట్టింది. అప్పుడు తలెత్తి చూస్తే దొడ్డిగుమ్మంలో రాములమ్మ ఉంది. చంకలో కింది చెక్క, చేతిలో రోకలి.

ఆవిడ లోపలికి వచ్చింది. చెక్కను తవిటమ్మ పక్కన పెట్టి, రోటి దగ్గరకు పోయి, తోటికోడలికి ఎదురుగా నిలబడి రోకలి ఎత్తింది. చప్పుడు మారింది. ఊరంతా విన్నది.

పోలినాయుడూ విన్నాడు. వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఎవరినడిగి తెచ్చావు ఆ చెక్క?"

రాములమ్మ రోకలి ఆపలేదు. "మీ అమ్మ పోయేముందు నా చేతికిచ్చింది. నీ చేతికివ్వలేదు."

అతను వెనక్కీ పోలేదు. లోపలికీ రాలేదు.

ఒక తోటికోడలు కింది చెక్క పట్టింది. ఒక తోటికోడలు పై చెక్క పట్టింది. తవిటమ్మ నూనెలోంచి తీసి వేస్తుంటే ఇద్దరూ వత్తారు. చాప మీద అరిసెలు వరసగా పరిచి పైడిని నిలబెట్టారు. పిల్ల ఒకదాని మీద అడుగేసింది, రెండోదాని మీద వేసింది, మూడోదాని మీద వేసింది. నాలుగోదాని దగ్గర చతికిలబడి, అంచు విరిచి నోట్లో పెట్టుకుంది. రాములమ్మ మొహం తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది.

మొక్కు ప్రకారం ఒక్క గడప వదలకుండా పంచారు. పోలినాయుడి కంచంలో రాములమ్మ రెండు పెట్టింది. అతను తిన్నాడు. బాగున్నాయనీ అనలేదు, బాగులేవనీ అనలేదు. మర్నాడు తవిటమ్మ పాక ముందు ఎవరో విరిగిన నాగలి ఒకటి పెట్టి పోయారు. పక్కనే చేటలో బియ్యం ఉన్నాయి.

గోడ మాత్రం పడలేదు. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. కాని ఏ పండగొచ్చినా రెండిళ్ళ ఆడవాళ్ళూ చెరో చెక్క పట్టుకుని కలిసేవారు.

ఆ తర్వాత తవిటమ్మ ఎవరికి చెక్కలు చేసినా ఒకటి వాళ్ళింట ఇచ్చేది, రెండోది పక్కింట ఇచ్చేది. "జత మా ఇంట్లో ఉంటే నీకేం నొప్పి?" అని కొందరు కసిరారు.

"రెండూ మీ ఇంట్లో ఉంటే తలుపేసుకుని తింటారు," అనేది.

అలా చాలా ఏళ్ళు చేసింది. ఒక వానాకాలం, ముసురు పట్టిన రోజుల్లో, పాకలో చెక్క గీస్తూ గీస్తూనే పోయింది. వెనకా ముందూ ఎవరూ లేరు. పాడె ఎవరు మొయ్యాలని ఊరు ఆలోచిస్తుంటే పోలినాయుడు వచ్చి ముందు నిలబడ్డాడు. సన్యాసి వచ్చి వెనక నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు తోడొచ్చారు. దారంతా బురద. ఏటిగట్టు దిగేచోట పోలినాయుడు వెనక్కి తిరగకుండానే అన్నాడు, "తమ్ముడూ, ఇక్కడ జారుతుంది. మెల్లిగా."

"చూశాలే అన్నా," అన్నాడు సన్యాసి.

పదేళ్ళలో వాళ్ళు ఆడుకున్న మొదటి మాటలవే.

ఆ ఊరు ఇప్పుడు ఎన్నో ఊళ్ళయింది. అయినా ఆ వైపు ఏ ఇంట్లోనూ అరిసెల చెక్కలు జతగా దొరకవు. అరిసెలు వండాలంటే పక్కింటికి పోవాల్సిందే. ఎవరైనా ఇరుగూ పొరుగూ తగువు పడి తెగతెంపులదాకా వస్తే, పెద్దవాళ్ళు ముందు ఒకటే అడుగుతారు: "మీ రెండో చెక్క ఎవరింట్లో ఉంది?" ఆ మాటతో సగం తగువులు అక్కడే ఆగుతాయి. తక్కిన సగం పండగ దాకా సాగుతాయి.

కొత్త కోడలు కాపరానికి వస్తే, అత్తగారు ఇల్లు చూపించి, పెరడు చూపించి, తర్వాత చెయ్యి పట్టుకుని పక్కింటి గుమ్మంలోకి తీసుకుపోతుంది. "ఇదిగో, తవిటమ్మ పెట్టిన చుట్టాలు," అంటుంది.